రాత్రి రెండు గంటల ఆస్పత్రి: కొత్త సూపరింటెండెంటుకు ఒక లేఖ

చిరంజీవి డాక్టరమ్మకు,

ఆశీస్సులు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి పక్కన, 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి సూపరింటెండెంటుగా వెళ్తున్నావని తెలిసి సంతోషమైంది. చేరిన మొదటి రోజున శాలువాలు, బొకేలు వస్తాయి. ఎవరో ఒకరు నీ గదికి రంగులు వేయిద్దామంటారు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. మొదటి వారంలోనే ఏదో ఒక రోజు, ఎవరికీ చెప్పకుండా రాత్రి రెండు గంటలకు ఆస్పత్రికి వెళ్లు. పగలు పది గంటలకు ఏ ఆస్పత్రి అయినా బాగానే కనిపిస్తుంది. ఓపీ చీటీ రాసే బల్ల దగ్గర మనుషులుంటారు, ఫార్మసీ తెరిచే ఉంటుంది, ల్యాబులో పని జరుగుతుంటుంది. మన ఆస్పత్రులు ఓడిపోయేది రాత్రి ఎనిమిదికీ పొద్దున ఎనిమిదికీ మధ్యనే. థియేటరు తాళం ఎవరి దగ్గరుంది, బ్లడ్ ఫ్రిజ్ ఎన్ని డిగ్రీలు చూపిస్తోంది, డ్యూటీ డాక్టరు గదిలో ఉన్నాడా ఇంట్లో ఉన్నాడా, ఆక్సిజన్ సిలిండరు తిప్పే స్పానర్ చేతికందేట్టు ఉందా, ఈ నాలుగూ చూడు. ఎవరినీ తిట్టొద్దు. రాసుకుని వచ్చేసేయ్.

నీకు పడేది చిన్న బరువు కాదు. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో జనానికి వైద్యం విషయంలో మంచి అనుభవమే ఉంది. 1969లో మొదలైన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ 2000లో బత్తలపల్లిలో ఆస్పత్రి పెట్టింది. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ 1991 నుంచి డబ్బు తీసుకోకుండా ఆపరేషన్లు చేస్తోంది. 108 అంబులెన్సు 2005లో వచ్చింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. కాబట్టి ఇక్కడి మనిషికి మంచి వైద్యం ఎట్లుంటుందో తెలుసు. నీ ఆస్పత్రిని దాంతోనే పోలుస్తాడు. అది న్యాయమే.

ఇంట్లో కాన్పులు దాదాపు ఆగిపోవడం ఈ ఇరవై ఏళ్లలో మనం సాధించిన పెద్ద పని. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆస్పత్రి కాన్పులు 96.5 శాతం. కానీ అదే సర్వేలో పెద్దాపరేషన్లు 42.4 శాతం, ప్రైవేటులో అయితే 63 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే నీ పని ఏమిటో అర్థమవుతుంది. జనం ఆస్పత్రికి రావడం నేర్చుకున్నారు, వచ్చినవాళ్లకు మామూలు కాన్పును ఓపికగా చేయించే చోటు మాత్రం తగ్గిపోయింది. ఆ చోటు నీదే కావాలి.

ఇంకో చిక్కు ఉంది. మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం అని లెక్క. ఆ లెక్క కట్టేది 2011 జనాభా లెక్కల మీద. పెనుకొండ దగ్గర 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలైంది, దాని వెంట విడిభాగాల కంపెనీలు, లారీలు, హోటళ్లు, అద్దె గదులు వచ్చాయి. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చి ఆరేసి మంది ఒకే గదిలో ఉండే కుర్రాళ్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండరు. మందుల ఇండెంటు (ఏ మందు ఎంత కావాలో అడిగే పట్టీ) మాత్రం పోయిన ఏడాది వాడకాన్ని చూసి వస్తుంది. పెరిగే ఊరిలో అది ఎప్పుడూ ఒక ఏడాది వెనకే ఉంటుంది. అందుకే నెలనెలా ఓపీ (చూపించుకుని వెళ్లేవాళ్లు), ఐపీ (చేరినవాళ్లు), కాన్పులు, ప్రమాదాలు, పాముకాట్లు ఈ ఐదింటి అంకెలను ఒకే కాగితం మీద గీతలుగా గీసి గోడకు అంటించు. అదనపు ఇండెంటు అడిగేటప్పుడు ఆ కాగితం ఫోటో జతచెయ్యి. వట్టి ‘రోగులు పెరిగారు’ అన్న మాటకు పైన ఎవరూ కదలరు.

ఇక మనుషుల సంగతి. కాగితం మీద సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు అంతా ఉంటారు. 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశం మొత్తం మీద సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత ఉంది. కాబట్టి నీకు అందరూ దొరకరని అనుకునే ప్లాను వేసుకో. అందరికంటే ముందు లోటుపడేది మత్తు డాక్టరు. గైనకాలజిస్టు ఉండి మత్తు డాక్టరు లేకపోతే ఆ థియేటరు తాళం వేసిన గదే. పక్క ఆస్పత్రి సూపరింటెండెంటుతో కూర్చుని మాట్లాడుకో. వారంలో రెండు రోజులు ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లు నీ దగ్గర, రెండు రోజులు వాళ్ల దగ్గర. మిగతా రోజుల్లో ఎమర్జెన్సీ వస్తే ఏ ఆస్పత్రిలో మత్తు డాక్టరు ఉన్నాడో రెండు లేబర్ రూముల్లోనూ ఫోను నంబరుతో సహా బోర్డు మీద రాసి ఉండాలి. అది ప్రతి సోమవారం మారాలి. పాత బోర్డు ప్రాణం తీస్తుంది, ఎందుకంటే నర్సు దాన్ని నమ్మి అంబులెన్సును తప్పు ఊరికి పంపుతుంది. నీ దగ్గర ఆసక్తి ఉన్న ఎంబీబీఎస్ డాక్టరు ఎవరైనా ఉంటే ప్రాణరక్షక మత్తు శిక్షణకు పేరు పంపు. అతను వెళ్లినన్నాళ్లు డ్యూటీలకు ఇబ్బందే, అయినా పంపు.

నర్సుల డ్యూటీ చార్టు నువ్వు వేయొద్దు, హెడ్ నర్సును వేయనివ్వు. నువ్వు ఒక్కటే నియమం పెట్టు: లేబర్ రూములో శిక్షణ పొందిన నర్సును మూడు నెలలకోసారి వార్డులు మార్చే ఆచారం వద్దు. బిడ్డకు ఊపిరి అందించడం చేతికి అలవాటు కావాల్సిన పని. బిడ్డ పుట్టిన మొదటి నిమిషంలో ఏడవకపోతే ఆ నిమిషంలోనే చేత్తో నొక్కే బ్యాగ్‌తో గాలి అందించాలి. నెలలు నిండిన బిడ్డకు 1వ నంబరు మాస్కు, నెలలు నిండని బిడ్డకు 0. రెండూ వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే బల్ల) మీదే, కవరు విప్పి, బ్యాగ్‌కు తగిలించి చూసి పెట్టాలి. చాలా చోట్ల బ్యాగ్ బీరువాలో భద్రంగా ఉంటుంది, తాళం పగటి డ్యూటీ ఆమె దగ్గర ఉంటుంది. వార్మర్‌ను కాన్పు మొదలయ్యాక వేస్తే బిడ్డ వచ్చే వేళకు వేడెక్కదు. కనీసం ఇరవై నిమిషాల ముందు వెయ్యాలి. లేబర్ రూములో ఏసీ పెట్టమని ఎవరైనా అంటే వద్దను. ఆ గదిలో వేడి 25 డిగ్రీల పైనే ఉండాలి, చెమటలు మనకు పోసినా పర్లేదు.

లేబర్ రూములో రెండు పెట్టెలు పెట్టించు. ఒకటి గుర్రపువాతానికి, అంటే గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కు, ఇంకొకటి రక్తస్రావానికి. మొదటి పెట్టెలో మెగ్నీషియం సల్ఫేటు 50 శాతం ఆంప్యూళ్లు 14 ఉండాలి. ఒక్కో 2 మి.లీ. ఆంప్యూల్లో ఒక గ్రాము. నాలుగు ఆంప్యూళ్లకు 12 మి.లీ. నార్మల్ సెలైన్ కలిపితే 20 మి.లీ. అవుతుంది, అది నరానికి నిదానంగా, ఐదు నిమిషాల కంటే తక్కువ కాకుండా. మిగిలిన పదీ ఐదేసి చొప్పున రెండు పిరుదులకూ లోతుగా. నరానికి ఇవ్వడం కుదరకపోతే పిరుదులకు ఇచ్చే 10 గ్రాములు పడిన తర్వాతే అంబులెన్సు కదలాలి. మందు ఇవ్వకుండా ‘పెద్దాస్పత్రికి తీసుకుపోండి’ అని పంపిన తల్లికి దారిలో ఫిట్స్ వస్తాయి. అదే పెట్టెలో క్యాల్షియం గ్లూకోనేటు, మోకాలు కొట్టి చూసే సుత్తి కూడా ఉండాలి. రెండో పెట్టెలో మిసోప్రోస్టాల్, ట్రానెక్సమిక్ యాసిడ్, పెద్ద సూదుల క్యాన్యులాలు, ఫోలీ క్యాథెటర్, కండోమ్, దారం (ఈ మూడూ గర్భసంచిలో బెలూన్‌లా నింపి రక్తం ఆపడానికి). ఆక్సిటోసిన్ మాత్రం ఆ పెట్టెలో పెట్టొద్దు. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. మన ఎండల్లో నెల రోజులు ట్రేలో ఉన్న ఆక్సిటోసిన్‌ను నమ్ముకుంటే గర్భసంచి గట్టిపడదు, నర్సు మాత్రం ‘మందు ఇచ్చాను సార్’ అంటుంది. అది నర్సు తప్పు కాదు, మందును ఫ్రిజ్‌లో పెట్టకపోవడం తప్పు.

రక్తం నిల్వ కేంద్రం ఉంటేనే నువ్వు నిజంగా రెఫరల్ ఆస్పత్రివి. ఆపరేషను, పసిబిడ్డ వైద్యం, 24 గంటల రక్తం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ రాత్రిపూట ఆగిపోతాయి. ఫ్రిజ్ 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. నాలుగు గంటలకోసారి చదివి రాయాలి. ఆ పుస్తకంలో నెలంతా ఒకే చేతిరాతతో ‘4, 4, 4’ అని ఉంటే ఎవరూ చూడడం లేదని అర్థం. ఎర్రకణాల సంచి వాడిన ద్రవాన్ని బట్టి 35 లేదా 42 రోజులు నిలుస్తుంది. చిన్న ఆస్పత్రిలో వాడకం తక్కువ, కాబట్టి సంచులు గడువు తీరి పారేయాల్సి వస్తుంది. దాంతో భయపడి ల్యాబ్ టెక్నీషియన్ తెప్పించడమే మానేస్తాడు. దీనికి మందు ఒక్కటే: మాతృ రక్తనిధితో, అంటే నీకు రక్తం పంపే పెద్ద బ్లడ్ బ్యాంకుతో, ముందే రాతపూర్వకంగా మాట్లాడుకుని, ఇంకా పది రోజుల గడువు ఉన్నప్పుడే సంచులను తిప్పి పంపడం. వాళ్ల దగ్గర అవి రెండు రోజుల్లో ఖర్చవుతాయి. ఫ్రిజ్ నుంచి తీసి అరగంట దాటిన సంచిని మళ్లీ లోపల పెట్టకూడదు. టిఫిన్ డబ్బాలు, పాల ప్యాకెట్లు ఆ ఫ్రిజ్‌లో కనిపిస్తే మాత్రం కోపం తెచ్చుకో. అక్కడ నీ కోపం పనికొస్తుంది.

మన ప్రాంతంలో జూన్ నుంచి శెనక్కాయ పనులు మొదలైతే పాముకాట్లు మొదలైనట్టే. ఒక మనిషికి పాము విషం విరుగుడు మందు మొదటి విడత 10 వయల్స్, గంట వ్యవధిలో. రక్తపింజర కాటయితే ఇంకో పది పట్టొచ్చు. ఒకే రాత్రి ఇద్దరు వస్తారు, ఇది అరుదైన సంగతి కాదు. అందుకే వానాకాలం మొత్తం 40 వయల్స్‌కు తగ్గితే ఆ రోజే ఇండెంటు పెట్టాలి. పిల్లలకు మోతాదు తగ్గించే అలవాటు ఇంకా కొందరిలో ఉంది. పాము పిల్లవాడని తక్కువ విషం ఎక్కించదు, మోతాదు పెద్దవాళ్లకు ఎంతో వాళ్లకూ అంతే. మందు పడనప్పుడు తొడకు ఇచ్చే అడ్రినలిన్ 0.5 మి.లీ. సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకున్నాకే డ్రిప్ మొదలుపెట్టాలి. పిల్లలకు దాన్ని మాత్రం బరువును బట్టి తగ్గించాలి.

ఇరవై నిమిషాల రక్తపరీక్ష నర్సులందరికీ వచ్చుండాలి. 2 మి.లీ. రక్తం, కొత్త, పొడి, గాజు టెస్ట్‌ట్యూబ్. కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తున్నట్టు. ప్లాస్టిక్ ట్యూబులోనో, సర్ఫుతో కడిగిన గాజు ట్యూబులోనో చేస్తే మంచి రక్తం కూడా గడ్డకట్టదు. పది వయల్స్ వృథా. అందుకే ఒక డజను కొత్త గాజు ట్యూబులు క్యాజువాలిటీలో విడిగా డబ్బాలో పెట్టి, మీద ‘పాముకాటుకు మాత్రమే’ అని రాయించు. కట్లపాము సంగతి వేరు. ఆ పరీక్ష అందులో మామూలుగానే ఉంటుంది. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతు పట్టేసిందని వస్తాడు, కాటు గుర్తు కనపడదు, గ్యాసు నొప్పని ఇంజెక్షను ఇచ్చి పంపేస్తారు. కనురెప్పలు వాలుతున్నాయా అని చూడమని ప్రతి డ్యూటీ డాక్టరుకూ చెప్పు.

పురుగుమందు తాగినవాళ్లకు అట్రోపిన్ లెక్క ఒకసారి వేసి చూడు. 0.6 మి.గ్రా. ఆంప్యూళ్లు మొదట మూడు, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గకపోతే ఐదు నిమిషాలకు ఆరు, తర్వాత పన్నెండు, తర్వాత ఇరవై నాలుగు. పావుగంటలో 45 ఆంప్యూళ్లు. క్యాజువాలిటీ ట్రేలో పది పెట్టి ‘స్టాకు ఉంది’ అనుకుంటే ఏమవుతుందో నీకు చెప్పనక్కర్లేదు. కనీసం 200 క్యాజువాలిటీలోనే ఉండాలి, స్టోర్‌లో కాదు. స్టోర్ తాళం ఫార్మసిస్టుతో పాటే ఇంటికి పోతుంది కదా. చూడాల్సింది ఛాతీ శుభ్రపడిందా, నాడి 80 దాటిందా అన్నది. కనుపాపను ఒక్కదాన్నే చూసి ఆపకూడదు. గడ్డిమందు, అంటే పారాక్వాట్ అయితే అలవాటుగా ఆక్సిజన్ మాస్కు పెట్టెయ్యొద్దు. అది ఊపిరితిత్తులకు ఇంకా చేటు చేస్తుంది, ఆక్సిజన్ బాగా పడిపోతేనే పెట్టాలి. సీసా తెమ్మని ఇంటివాళ్లను వెనక్కి పంపు. ఏ మందో తెలియకుండా సగం వైద్యం చీకట్లో చేసినట్టే. ఇవన్నీ మెడికో లీగల్ (పోలీసులకు తెలపాల్సిన) కేసులు, రిజిస్టర్‌లో టైముతో సహా అప్పటికప్పుడే రాయాలి, పొద్దున కాదు.

మన స్టోర్లలో కుక్కకాటుకు టీకా ఉంటుంది, ఇమ్యునోగ్లోబులిన్ (గాయం దగ్గరే రేబిస్‌ను అడ్డుకునే మందు) ఉండదు. లోతైన గాయానికి టీకా ఒక్కటే చాలదు. గుర్రం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్ అయితే ఒంటి బరువు కిలోకు 40 యూనిట్లు, మనిషి నుంచి తీసినదైతే 20, గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. అది లేనప్పుడు కూడా పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీటి కింద కడగడం నీ చేతిలో ఉంది. క్యాజువాలిటీ బయట కాలు పెట్టేంత ఎత్తులో ఒక కుళాయి కట్టించు. ఖర్చు చాలా తక్కువ, ఫలితం చాలా ఎక్కువ.

ఆక్సిజన్. పెద్ద డి టైప్ సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే పదకొండున్నర గంటలు. అంటే ఒక్క రోగికి ఒక రాత్రి. కోవిడ్ తర్వాత కొన్ని ఆస్పత్రులకు గాలి నుంచి ఆక్సిజన్ తీసే ప్లాంట్లు వచ్చాయి. వాటిని నడపకుండా వదిలేస్తే తేమ చేరి లోపలి జియోలైట్ (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే గుళికలు) పాడవుతుంది. వారానికోసారైనా నడిపించి, స్వచ్ఛత మీటరు 90 శాతానికి తగ్గలేదని చూసి రాయించు. ప్లాంటు ఉందని సిలిండర్లను తిప్పి పంపేయొద్దు. కరెంటు పోతే ప్లాంటు లేనట్టే. జనరేటర్‌ను వారానికోసారి ఖాళీగా తిప్పితే సరిపోదు. థియేటరు, ఫ్రిజ్‌లు, వార్మర్లు దాని మీద పెట్టి ఇరవై నిమిషాలు నడపాలి. 62.5 కేవీఏ జనరేటర్ ముప్పావు లోడు మీద గంటకు 10–12 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఎనిమిది గంటలకు సరిపడా నిల్వ లేకపోతే వానాకాలం గాలిదుమారానికి చాలదు. జనరేటర్లు ఎక్కువసార్లు మొరాయించేది బ్యాటరీ వల్ల, ఇంజన్ వల్ల కాదు.

నీళ్లు మన సీమలో వేరే కథ. 30 పడకలకు రోజుకు దాదాపు 10,000 లీటర్లు కావాలి. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు ఎవరు పంపాలో మార్చిలోనే పంచాయతీతో రాయించుకో. మన నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆటోక్లేవ్ (సామాన్లను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) లోపల తెల్లగా పొర కట్టి వేడి సరిగా అందదు, వాల్వు పట్టేస్తుంది. ఆర్‌ఓ నీళ్లే పోయించు. చుట్టిన సామాన్లకు 121 డిగ్రీల మీద ముప్పై నిమిషాలు, ఆ లెక్క వేడి అందుకున్నాక మొదలవుతుంది, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. బ్లీచింగ్ ద్రావణం రోజూ కొత్తగా కలపాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న పొడి లీటరుకు 33 గ్రాములు వేస్తే ఒక శాతం అవుతుంది. మూత తీసిపెట్టిన బస్తాలోని పొడిలో మాత్రం ఆ 30 శాతం ఉండదు. చెత్త సంచులను 48 గంటలు దాటనివ్వొద్దు. బండి రాని రోజు ఫోన్ చేసి అడిగే మనిషి పేరు ఒకటి నిర్ణయించు.

ఫ్యాక్టరీలు వచ్చిన చోట దానాలు వస్తాయి. సామాజిక బాధ్యత నిధులంటూ మేనేజర్లు వచ్చి ‘ఏం కావాలి మేడమ్’ అంటారు. వెంటనే మిషన్ పేరు చెప్పొద్దు. రక్తపరీక్షల మిషన్ ఇస్తామంటే దాని రీఏజెంటు (పరీక్షకు వాడే రసాయనం) ఆ కంపెనీదే వాడాలా, నెలకు ఎంత అవుతుంది, అది ఎవరు కొంటారు అని అడుగు. జవాబు లేకపోతే ఆ మిషన్ ఏడాదికి గుడ్డ కప్పుకుని మూలకు చేరుతుంది. ఏ పరికరమైనా ఐదేళ్ల పూర్తి నిర్వహణ, స్టెబిలైజరు, ఇద్దరికి శిక్షణ కలిపి ఇస్తేనే తీసుకో. నిజానికి నేనైతే మిషన్ కంటే ముందు మూడు అడుగుతాను: నర్సులకు రాత్రి బస చేసే గదులు, బయోమెడికల్ మెకానిక్ జీతం, హైవే ప్రమాదాల కోసం బీపీ, నాడి, ఆక్సిజన్ ఒకేసారి చూపే రెండు మల్టీపారా మానిటర్లు. ఫలకం మీద పేరు వేయించుకోవడానికి గదులు వాళ్లకు నచ్చుతాయి కూడా.

వలస కార్మికుడి దగ్గర ఆధార్ ఉండదు, కార్డు ఉండదు, తెలుగు రాదు. మడకశిర, హిందూపురం వైపు కర్ణాటక పల్లెల నుంచి వచ్చేవాళ్ల దగ్గర మన ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉండదు. ముందు వైద్యం, తర్వాత కాగితం అని ఓపీ క్లర్కుకు రాతపూర్వకంగా ఇవ్వు, నోటిమాట రాత్రికి చేరదు. కన్నడ, హిందీ బోర్డులు పెట్టించు. ఈ అద్దె గదులు ఏ ఆశా కార్యకర్త పరిధిలోకీ రావు. ఒక మధ్యాహ్నం ఏఎన్‌ఎంలతో కూర్చుని వాటిని వీధుల వారీగా పంచు, లేకపోతే గర్భిణి మొదటిసారి నీకు కనపడేది నొప్పులతోనే.

రెఫర్ చేయడం తప్పు కాదు, గుడ్డిగా రెఫర్ చేయడం తప్పు. హిందూపురానికో అనంతపురానికో పంపే ముందు అక్కడి డ్యూటీ డాక్టరుతో మాట్లాడాలి, మాట్లాడినవాళ్ల పేరు, టైము చీటీ మీద రాయాలి. ఇచ్చిన మందులు, మోతాదు, బీపీ, నాడి, ఎందుకు పంపుతున్నామో ఒక్క వాక్యం. నెలాఖరున రెఫరల్ చీటీలన్నీ బల్ల మీద పరిచి కారణాల వారీగా కుప్పలు పెట్టు. నాలుగైదు కుప్పలే తేలతాయి. ‘మత్తు డాక్టరు లేరు’, ‘రక్తం లేదు’, ‘బిడ్డ బరువు తక్కువ’, ‘బీపీ ఎక్కువ’. పెద్ద కుప్ప ఏదో దాని మీదే వచ్చే నెల ఆస్పత్రి అభివృద్ధి సంఘం డబ్బు, నీ పలుకుబడి పెట్టు. సంఘం సమావేశంలో ప్రజాప్రతినిధి ముందు ఆ కుప్పల లెక్కే చెప్పు. టైల్స్ వేయించమనే సలహాలకు అప్పుడు చోటుండదు.

గొడవల గురించి ఒక్క మాట. వైద్య సిబ్బంది మీద దాడులను ఆపడానికి 2008లో చట్టం వచ్చింది, దాని బోర్డు క్యాజువాలిటీలో ఉండాలి. కానీ బోర్డు కంటే ఎక్కువ పనిచేసేది గంటకోసారి బయటికి వచ్చి బంధువులకు విషయం చెప్పే మనిషి. సీరియస్ కేసు ఉన్న రాత్రి ఆ పని ఎవరిదో ముందే చెప్పి పెట్టు.

తాళాల సంగతితో ఆపుతాను. థియేటరు, స్టోర్, బ్లడ్ ఫ్రిజ్, జనరేటర్ గది, ఈ నాలుగు తాళాలకూ రెండో చెవులు లేబర్ రూములో అద్దాల పెట్టెలో వేలాడాలి. ఏ చెవి ఎవరు, ఎన్ని గంటలకు తీశారో పక్కనున్న పుస్తకంలో రాయాలి. ఫార్మసిస్టు ఒప్పుకోడు, స్టాకు పోతే ఎవరిది బాధ్యత అంటాడు. అర్ధరాత్రి తీసినవి పొద్దున ఎనిమిదిన్నరకు లెక్క సరిచూసి సంతకం పెట్టేది నువ్వే అని రాసివ్వు, ఒప్పుకుంటాడు. చేరాక మొదటి నెల రెఫరల్ కుప్పల లెక్క నాకు పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన